పాత పెట్రోలు పంపుకు ఏ రంగు?

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

పోయినసారి నేను ఇక్కడ కూర్చున్నప్పుడు ఉలవచారు గురించి మాట్లాడాను. ఈసారి పెట్రోలు పంపు గురించి మాట్లాడతానంటే కార్యక్రమం చూసే అమ్మాయి నా ముఖం వంక అదోలా చూసింది. “మేడమ్, మన శ్రోతలు గృహిణులు కదా!” అంది. గృహిణులు కాబట్టే చెబుతానమ్మా అన్నాను. ఇంట్లో ఏ పాత వస్తువుకైనా రంగు వేయాలంటే నలుగురూ నాలుగు రంగులు చెబుతారు. చివరికి రంగుల అంగడికి పోయేదీ, పనివాడికి టీ ఇచ్చేదీ, బండల మీద పడ్డ మరకలు తుడిచేదీ ఎవరు? మనమే కదా. అందుకని కాస్త ఓపిక పట్టి వినండి.

మా మామగారి తండ్రికి అనంతపురం దగ్గర పెద్ద రోడ్డు మీద ఒక చిన్న పెట్రోలు బంకు ఉండేది. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే రోడ్డు అది. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు, చాలాకాలం 7వ నంబరు. ఆ బంకులో ఒకటే పంపు. కరెంటు లేదు, మోటారు లేదు. మనిషి ఎత్తుకు మించిన ఇనుప స్తంభం, దాని తలలో రెండు గాజు జాడీలు, పక్కన పొడుగాటి చేతిపిడి. పిడిని ముందుకూ వెనక్కూ ఆడిస్తే నేల కింది ట్యాంకు నుంచి పెట్రోలు ఒక జాడీలోకి ఎక్కుతుంది. అది గీత దాకా నిండితే గొట్టం గుండా కారులోకి దిగుతుంది, ఈలోగా రెండో జాడీ నిండుతుంది. కొనేవాడి కళ్ళ ముందే కొలత. పాలవాడు మన ఎదుట పావుతో పోసినట్టన్నమాట.

1982లో కరెంటు పంపు వచ్చింది. పాతది కంపెనీ సొత్తు కాబట్టి తుక్కు కింద వేలం వేశారు. తుక్కు ధరకే పెద్దాయన కొనుక్కుని ఎద్దులబండి మీద ఇంటికి తెచ్చి పెరట్లో వేపచెట్టు కింద నిలబెట్టారు. తర్వాత కొన్నేళ్ళకు బంకూ పోయింది, పెద్దాయనా పోయారు. పంపు మాత్రం అక్కడే ఉంది. నేను కాపురానికి వచ్చిన నాటికి దాని పిడికి బట్టలు ఆరేసే తీగ కట్టి ఉంది. పాతికేళ్ళుగా నేనూ దానికే కట్టాను, అబద్ధమెందుకు. ఆయుధపూజ నాడు మాత్రం మా అత్తగారు మరిచిపోకుండా దానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కోసేవారు. కోస్తా ఊళ్ళలో అయితే ఆ ఉప్పుగాలికి పదేళ్ళలో పొడి అయిపోయేది. మాది ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా. ఇక్కడ ఇనుముకు తుప్పు భయం తక్కువ, ఎండ భయమే ఎక్కువ.

మొన్న వేసవిలో ఇంటికి సున్నాలు, రంగులు వేయించే పని పెట్టుకున్నాం. మా మామగారికి 80 దాటాయి, సహస్ర చంద్ర దర్శనం చేయాలని పిల్లల కోరిక. ఆ సందట్లో మా అబ్బాయి, “అమ్మా, తాత పంపును కూడా బాగు చేయించి ముందు వసారా పక్కన పెడదాం” అన్నాడు. అందరూ సరే అన్నారు. ఏ రంగు అనేదాని దగ్గర మొదలైంది చూడండి!

మా అబ్బాయి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. అమెరికాలో ఎవరో బాగు చేయించుకున్న పంపు, అద్దంలా మెరుస్తోంది, దాంట్లో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. “ఇట్ల ఎర్రగా నిగనిగలాడాల” అన్నాడు. మావారు తల అడ్డంగా ఊపారు. “ఎరుపేందిరా? మన పంపు నీలంది. కింద నీలం, పైన పసుపు. నేను బడి నుంచి వచ్చి దానికి ఆనుకుని కూర్చుంటాంటి.” వసారాలో పడకకుర్చీలో ఉన్న మామగారు అక్కడి నుంచే కేకేశారు. “నీలం యాడిదిరా? నీలం వేసింది ఆఖర్లో! ఎరుపు, పసుపు! నేను పన్నెండేండ్లప్పటి నుంచి ఆ పిడి తిప్పినోణ్ణి. నాకు తెలీదా?” మా అత్తగారిని అడిగితే, “ఏదో ఒకటి కానీయండి, నాకు తెలిసి అది తెల్లగుండె” అన్నారు. ఆమె చెప్పిందీ నిజమే. పెరట్లోకి వచ్చాక తుప్పు పట్టకుండా వెండిరంగు పూయించింది ఆమే.

తండ్రీ కొడుకుల మధ్య ఇది ఉత్త రంగు తగాదా కాదు. బంకు వదులుకోవాల్సి వచ్చినప్పటి నుంచి వాళ్ళిద్దరికీ దాని మాట వస్తే చాలు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఎవరి తప్పు ఎంత అనేది ఇప్పుడు నాకొద్దు, మీకూ వద్దు. అందుకే మావారు కోపంగా లేచి పోతుంటే, నాకు రంగు కన్నా ఆ లేచిపోవడమే మనసులో ముల్లులా గుచ్చుకుంది.

మరునాడు కార్లకు రంగులు వేసే పనతను వచ్చాడు. మంచి పనివాడు. చూసీ చూడగానే, “మిషను పెట్టి మొత్తం గీకేస్తా అక్కా. ఇనుము తెల్లగా తేలాల. తర్వాత మీరు ఏ రంగంటే ఆ రంగు” అన్నాడు. ఆగు నాయనా అన్నాను. రెండు కారణాలకు ఆపాను. మొదటిది మా అమ్మాయి. అప్పుడు ఏడోనెల, పురిటికి వచ్చి ఉంది. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది. ఇనుముకు మొదటి పూతగా వేసే సిందూరం సీసంతో చేసిందే, గట్టి పసుపురంగుల్లోనూ సీసమే. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే పెద్దవాళ్ళకే చెరుపు. కడుపుతో ఉన్నవాళ్ళకూ, పాకే పిల్లలకూ చెప్పనక్కరలేదు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో నియమాలు తెచ్చారు, 2017 నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంటే అంతకు ముందు వేసిన మన పాత కిటికీ ఊచలు, గేట్లు, ఇనప్పెట్టెలు వేటినీ పొడిగా గీకించకండి. మిషను అసలే పెట్టించకండి. తడిపి, నీళ్ళకాగితంతో నెమ్మదిగా రుద్దించాలి. కింద ప్లాస్టిక్ పట్ట పరవాలి. రాలినదాన్ని చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో ఎత్తాలి. ఆ గుడ్డ మళ్ళీ వంటింటి ముఖం చూడకూడదు. గట్టిగా అతుక్కుని ఉన్న పాత రంగును పెరికి తీసే పనే లేదు, నునుపు చేసి దాని మీదనే ప్రైమరు పూయవచ్చు.

రెండో కారణం, గీకేస్తే తగాదా తీర్చే సాక్షి పోతుంది. ఏ రంగు ఎప్పుడు వేశారో ఆ పంపే చెబుతుంది కదా, మనుషుల్ని అడగడం దేనికి? ఉల్లిపాయ పొరల్లాగా అన్నీ దాని ఒంటి మీదనే ఉన్నాయి.

అమ్మాయిని వారం రోజులు మా ఆడపడుచు ఇంటికి పంపించి, నేనూ పనతనూ పని మొదలుపెట్టాం. పంపు వెనక వైపు, ఎండ తక్కువ తగిలే చోట, నాలుగు వేళ్ళ వెడల్పు జాగా ఎంచుకున్నాం. నీళ్ళకాగితంతో ఒక అంగుళం ఎక్కువ, ఒక అంగుళం తక్కువ, మెట్లు మెట్లుగా రుద్దాం. మొదట అత్తగారి వెండిరంగు పోయింది. దాని కింద నీలం, మావారి నీలం. నీలం కింద ఎరుపు. ఆ ఎరుపు కింద ఇంకో ఎరుపు, కొంచెం ముదురు. దాని కింద సిందూరం, ఆపైన ఇనుము. తల భాగంలో చూస్తే వెండి, పసుపు, దాని కింద మళ్ళీ పసుపు. పనతను నడుం మీద చేతులు పెట్టుకుని, “అందరూ నిజమే చెప్పినారక్కా” అన్నాడు.

ఆ రాత్రి మావారిని పిలిచి టార్చిలైటు వేసి చూపించాను. ఏమీ మాట్లాడలేదు. నీలం మెట్టు మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డారు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, లేకపోతే ఎరుపు నీలం ఎట్లా అయిందో అర్థం కాదు. మా పెద్దాయనది బర్మా షెల్ బంకు. ఆ కంపెనీ మన దేశంలో 1928లో ఏర్పడింది. ఆల్చిప్ప గుర్తు, ఎరుపూ పసుపూ రంగులు. ఆ ఆల్చిప్ప ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు నవ్వు వస్తుంది. లండనులో మార్కస్ శామ్యూల్ అనే వ్యాపారి ఉండేవాడు. తూర్పు దేశాల నుంచి గవ్వలు, ఆల్చిప్పలు తెప్పించేవాడు. వాటిని అతికించిన చిన్న చిన్న పెట్టెలు ఆ రోజుల్లో ఆడవాళ్ళు మోజుపడి కొనేవాళ్ళు. అంటే మన బొట్టుపెట్టెల వ్యాపారమే అనుకోండి. ఆయన కొడుకులు కిరసనాయిలు వ్యాపారంలోకి దిగి 1891లో తమ సరుకుకు షెల్ అని పేరు పెట్టారు, 1897లో కంపెనీకీ అదే పేరు. రంగులు తర్వాత వచ్చాయి. 1915లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో బంకులు కట్టినప్పుడు దూరానికి కనబడాలని ఎరుపూ పసుపూ వేశారు. ఆ ప్రాంతానికి స్పెయినుతో పాత సంబంధం ఉంది, స్పెయిను జెండా రంగులు కాబట్టి జనానికి నచ్చుతాయని అనుకున్నారంటారు. వాళ్ళకు స్పెయిను జెండా. మా అత్తగారికి అది పసుపూ కుంకుమా. ఆయుధపూజకు వేరే అలంకారమే అక్కరలేదనేవారు.

తర్వాత ప్రభుత్వం ఈ విదేశీ కంపెనీలను ఒక్కొక్కటిగా తీసుకుంది. 1974లో ఎస్సో పోయి హిందుస్థాన్ పెట్రోలియం వచ్చింది. మన విశాఖపట్నంలో 1957లో శుద్ధి కర్మాగారం పెట్టిన కాల్టెక్స్ 1978లో దాంట్లోనే కలిసింది. బర్మా షెల్‌ను 1976లో తీసుకున్నారు, 1977లో భారత్ పెట్రోలియం అని పేరు పెట్టారు. ఈనాటికీ ఆ బంకుల్లో కనబడేవి పసుపూ నీలమే. మావారు పుట్టింది 1974లో. ఆయనకు ఊహ తెలిసేసరికి పంపు నీలమైపోయింది. మామగారు పన్నెండేళ్ళ పిల్లవాడుగా పిడి పట్టింది 1956లో, అప్పుడు ఎరుపు. ఒకరి బాల్యం మీద ఇంకొకరి బాల్యం పూత పూసి ఉంది, అంతే సంగతి.

అయితే ఏ పొర ఎంచుకోవాలి? నేను ఒకటే మాట అన్నాను. ఏదో ఒక కాలం పట్టుకుందాం, పట్టుకున్నాక అన్నీ ఆ కాలానివే ఉండాలి. మా అబ్బాయికి గ్యాలన్ల పలక మీద మోజు. ఎందుకంటే పంపు ముఖాన లీటర్ల పలక విప్పితే దాని కింద గ్యాలన్ల పలక బయటపడింది. పాత గ్యాలను మన లెక్కలో నాలుగున్నర లీటర్లు. దశాంశ కొలతలకు 1956లో చట్టం వచ్చి, 1962 నాటికి దేశమంతా అవే తప్పనిసరి అయ్యాయి. “గ్యాలన్ల పలకే పైన పెడదామమ్మా, పాతగా ఉంటుంది” అన్నాడు. పెడితే మొదటి ముదురెరుపు వేయాలి, రెండో ఎరుపు వేస్తే లీటర్ల పలకే ఉండాలి. పట్టుచీర కట్టుకుని కాళ్ళకు ఆటబూట్లు వేసుకుంటే ఎట్లుంటుంది? మామగారిని అడిగితే, తను బంకు చూసుకున్న కాలం లీటర్ల కాలమే అన్నారు. 1960ల నడుమ వేసిన రెండో పూత ఖాయం చేసుకున్నాం. మావారు ఏమంటారోనని భయపడ్డాను. “నాయన రంగే వెయ్యండి. ఎనక ఆ మెట్లు మాత్రం పూడ్చొద్దు” అన్నారు. సరేనన్నాను.

ఎరుపు దొరకడం సులభమైంది. బయట ఎండకు వెలిసి గులాబీరంగైపోయింది కానీ, లీటర్ల పలక అంచు కింద వెలుతురు తగలని చోట ఎరుపు కొత్తపెళ్ళికూతురి పారాణిలా ఉంది. పాతవాటికి రంగు వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోండి. పలకల కింద, మరల తలల కింద, తలుపు మూసినప్పుడు కనబడని అంచున చూడాలి. మన దేశ ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 5 అనే రంగుల పట్టిక ఉంది, అందులో ప్రతి రంగుకూ నంబరు. మా ఎరుపు 537, సిగ్నల్ రెడ్‌కు సరిపోయింది.

పసుపు దగ్గరే వచ్చింది తంటా. తల భాగంలో ఎక్కడ చూసినా ఎండకు మాడి తేలిపోయినదే, దాక్కున్న ముక్క ఒక్కటీ లేదు. అంగడివాడు పట్టికలో రెండు చూపించాడు, 355 నిమ్మపండు పసుపు, 356 బంగారు పసుపు. అట్టముక్క చూసి తేల్చకూడదని డబ్బా మూతల మీద రెండూ పూయించి తెచ్చాను. జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు చీర అంచు పట్టుకుని అంగడి గుమ్మం దాటి ఎండలోకి వచ్చి చూస్తాం కదా, రంగుకూ అంతే. అంగడి దీపాల కింద ఒకటి కనబడితే పెరట్లో ఇంకొకటి కనబడుతుంది. పైగా తడిమీద చూసిన రంగు ఆరాక అదే ఉండదు. ఒక రాత్రి ఆరనిచ్చి, పొద్దునా మధ్యాహ్నమూ సాయంత్రమూ మూడు పూటలా చూడాలి.

మామగారు బంగారు పసుపు మూత చేతికి తీసుకుని పక్కన పడేశారు. “ఇంత మురికి పసుపు కాదమ్మా! బురదనీళ్ళ మాదిరుంది.” నిమ్మపండుది చూసి, “ఇదీ, ఇదీ మన పంపు” అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. తేలిపోయిన పాత పసుపే నిమ్మపండు కన్నా ముదురుగా ఉంది. వెలిసిన రంగు ఇంకా ముదురెట్లా అవుతుంది? అదే మాట అంటే, “నా కండ్లు నమ్మవా?” అని ఆయనకు కోపం వచ్చింది. ఆ పూట అన్నం తినలేదు.

సాక్షి ఇంకొకరు ఉన్నారని అత్తగారికి గుర్తొచ్చింది. బంకులో ముప్పై ఏళ్ళు పిడి తిప్పిన ఆయన ఒకాయన ఉండేవారు, పిల్లలంతా పంపు తాత అనేవాళ్ళట. ఆయన పోయి చాలాకాలమైంది. భార్య ఉంది, 90కి దగ్గరలో, పక్క ఊళ్ళో. “రంగు వేసినప్పుడు మిగిలింది వాళ్ళింటికి తీసుకపోయినాడే” అన్నారు అత్తగారు. నేనూ మా అబ్బాయీ బండి వేసుకుని పోయాం. అవ్వ గడప మీదే కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. అడిగితే నవ్వింది. “అవ్ తల్లీ, తెచ్చినాడు. శుక్రారం శుక్రారం గడపకు పసుపు పూసే పని తప్పుతాదిలే అని గడపకూ దారబందానికీ పూసినాడు. పని యాడ తప్పె? దాని మీదనే నేను పసుపు పూస్తాంటి!”

గడప మీద రంగు ఆనవాలు లేదు, అరవై ఏళ్ళ కాళ్ళు అరగదీశాయి. దారబందం మీద మాత్రం పచ్చగా, బాగా చిక్కగా కనబడింది. మా అబ్బాయి సంబరపడి ఫోనుతో ఫొటో తీయబోయాడు. నేను గుడ్డకు సబ్బు రాసి తుడిచాను. తుడిచిన చోటల్లా ఎర్రబడిపోయింది! మీకు అర్థమై ఉంటుంది. అది రంగు కాదు, పసుపే. సబ్బులోనూ సున్నంలోనూ ఉండే క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. మనం పారాణి కలుపుకునేదీ అట్లే కదా. ఆ పొర అంతా కడిగి, తలుపు తీసి, రెక్క వెనక బందుల పక్కన, ఎండ గానీ చేయి గానీ తగలని మూలన చూస్తే అసలు రంగు కనబడింది. పండిన మామిడిపండు తొక్కలా ఉంది. రెండు మూతలూ పక్కన పెట్టి చూశాం. సందేహం లేదు, 356.

ఇంటికి వచ్చి మామగారితో చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. కొన్నాళ్ళుగా ఆయన పాలను చూసి “ఏందమ్మా పచ్చగున్నాయి” అనేవారు. తెల్లపంచె తెచ్చిస్తే ఉతకలేదని విసుక్కునేవారు. నీలం చొక్కాను బూడిదరంగు అనేవారు. మేమంతా చాదస్తం అనుకున్నాం. నిజానికి చాదస్తం మాదే. కంట్లో శుక్లం ముదిరితే చూపు మసకబారడమే కాదు, లోపలి కటకం పచ్చబడి, గోధుమరంగుకు తిరుగుతుంది. తేనెసీసాలో నుంచి లోకాన్ని చూసినట్టు ఉంటుంది. అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి చూసేవాళ్ళకు తెలియదు. ఫ్రాన్సులో మోనే అని పెద్ద చిత్రకారుడు ఉండేవాడు. ఆయనకూ ఇదే వచ్చి బొమ్మలన్నీ ఎర్రమట్టిరంగులోకి తిరిగాయి. 1923లో కంటికి ఆపరేషను చేయించుకున్నాడు. మా మామగారికి జ్ఞాపకంలో ఉన్నది నిఖార్సైన మామిడిపండు పసుపే. కానీ ఎదుట పెట్టిన మూత తేనెరంగు అద్దంలో నుంచి చూస్తే మురికిగా కనబడింది, నిమ్మపండుది చూస్తే మామిడిపండు అయింది. ఆయన కన్నూ అబద్ధమాడలేదు, జ్ఞాపకమూ అబద్ధమాడలేదు.

కంటి డాక్టరుకు చూపించాం. రెండు కళ్ళకూ ముదిరిందన్నారు. ఇన్నాళ్ళు ఎందుకు తీసుకురాలేదని నన్ను అడిగితే నాకు మాట రాలేదు. రోజూ అన్నం పెట్టేది నేనే, పాలు పచ్చగా ఉన్నాయంటే కసురుకున్నదీ నేనే. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు తెల్లబట్టను మురికి అంటున్నారా, కూరలో పసుపు ఎక్కువైందంటున్నారా, ఒకసారి కళ్ళు చూపించండి.

రంగు పని ఎట్లాగూ ఆగింది. ఆషాఢం వచ్చేసింది. మా వైపు ఆషాఢం గాలి ఎట్లాంటిదో ఈ జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలిలో ఎనామిలు పూస్తే పంపు మీద ఉప్మారవ్వ చల్లినట్టే. గాలి తగ్గేదాకా ఆగుదామన్నాను. ఆ సందులో ముందు ఒక కన్నూ, నెల తర్వాత రెండోదీ ఆపరేషను అయ్యాయి.

రెండో కంటి కట్టు విప్పిన మూడోనాడు అనుకుంటాను, పొద్దున్నే పెరట్లోకి వచ్చారు. వేపచెట్టు కొమ్మకు రెండు మూతలూ ఇంకా వేలాడుతున్నాయి. కాసేపు చూసి, “అమ్మా! ఆ పిప్పరమెంటు రంగు ఎవరు తెచ్చింది?” అని అడిగారు. నేను పళ్ళెం కడుగుతూ తల ఎత్తలేదు. అత్తగారు వంటింట్లో నుంచి నవ్వుతున్నారు. రెండో మూత చేత్తో తిప్పి చూశారు. “ఇది కదా మన పంపు. నేను చెప్పలే?” చెప్పారు మామా, అన్నాను.

కార్తీకంలో పని చేయించాం. తెల్లవారుజామున గాలి లేవకముందు, పెరడంతా నీళ్ళు చల్లి, దుమ్ము అణిగాక మొదలుపెట్టించేదాన్ని. పూత పలచగా, ఒక పూతకూ ఇంకో పూతకూ ఒక రోజు ఎడం. మా అబ్బాయి కార్లకు వేసే మెరుపు లక్క పైన కొట్టిద్దామన్నాడు. వద్దన్నాను. పాత పొరల్లో కుంచె గీతలు కనబడుతున్నాయి, బంకులో వేసినవాళ్ళు కుంచెతోనే వేశారు. మేమూ కుంచెతోనే వేయించాం. వెనక మెట్లు మెట్లుగా రుద్దిన జాగాకు రంగులేని వార్నీషు మాత్రం పూశాం. దాంట్లో వెండి, నీలం, రెండు ఎరుపులు, సిందూరం అన్నీ కనబడతాయి. మావారు ఇంటికి వచ్చినవాళ్ళను ముందు వెనక్కే తీసుకుపోయి చూపిస్తారు.

పనతను ఇంకొక పొరపాటు చేయబోయాడు. పంపు నడుము దగ్గర ఒక తలుపు ఉంది, లోపల మరలు. ఆ తలుపు లోపలి వైపు కూడా ఎరుపు కొడతానన్నాడు. తెరిచి చూస్తే బూడిదరంగు మీద పెన్సిలు గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. చదువు రాని పంపు తాత రోజులో ఎన్ని జాడీలు పోశాడో లెక్క పెట్టుకున్న గీతలు. కుంచె ఆ దరికి రానివ్వలేదు నేను.

సహస్ర చంద్ర దర్శనం నాడు అవ్వను మా అబ్బాయి పోయి తీసుకువచ్చాడు. మామగారు చేయి పట్టుకుని పంపు దగ్గరికి నడిపించారు. ఎరుపూ పసుపూ చూసి, “మా దారబందం రంగే” అంది. తలుపు తెరిచి గీతలు చూపించాను. వంగి, ముఖం దగ్గరగా పెట్టి, వేలితో ఒక్కొక్క గీతా తడిమింది. “ఎన్నుండాయి తల్లీ, లెక్కబెట్టు” అంది. లెక్కపెట్టాను. అయిదేసి కట్టలు పద్నాలుగు, పైన మూడు.

“ఆ పొద్దు మంచి బేరమే” అంది అవ్వ.